అయితే ఒకటి, కాకపోతే రెండు

ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారంటే, వంటగదిలో అమ్మ ఉంది. లోపలి గదిలో రాత్రి కాపలా డ్యూటీ దిగొచ్చిన నాన్న ముసుగుతన్ని పడుకున్నాడు. ముందు గదిలో, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో నీళ్ల ఆఫీసు సూపర్‌వైజరు కూర్చున్నాడు. ఆయనకి ఎదురుగా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, గోడకి ఆనుకుని మామయ్య నిలబడ్డాడు. గడప మీద, అటు లోపలా కాకుండా ఇటు బయటా కాకుండా, పక్కింటి టైలరత్త కూర్చుంది. ఆమెని ఇంట్లో ఉన్నట్టు లెక్కెయ్యాలో వద్దో గానీ, ఆమె లేస్తే తప్ప ఎవరికీ బయటికి దారి లేదు కాబట్టి లెక్కెయ్యడమే న్యాయం. వీళ్లందరి మధ్యా, బల్ల మీద పెట్టిన ఫోను పక్కన, మైకు నిలబడి ఉంది.

మైకు అంటే ఆ ఇంటి పిల్లే. పదో తరగతి. నోట్లో నాలుక లేని పిల్ల అని వీధంతా అంటారు. బళ్లో హాజరు పిలిస్తే ఆ పిల్ల పలికే మాట ముందు బెంచీ దాటదు. దుకాణానికి పంపిస్తే, దుకాణంవాడు తనంతట తాను చూసి "ఏం కావాలి" అనేదాకా అలా నిలబడే ఉంటుంది. మామయ్య ఒకసారి, "అబ్బబ్బ, చెవులు చిల్లులు పడిపోతున్నాయి, ఆ మైకు కాస్త తగ్గించవే" అన్నాడు. అప్పటికి ఆ పిల్ల పొద్దుట్నించీ ఒక్క మాటా అనలేదు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆనాటి నుంచీ అదే పేరైపోయింది.

మనుషులతో మాట పెగలని పిల్లకి ఫోను మాత్రం చెప్పినట్టు వింటుంది. సర్కారు వాళ్లు ఆఫీసు పనులన్నీ ఫోనులోకి తెచ్చాక వీధిలో పెద్దవాళ్లకి కాళ్లూ చేతులూ ఆడలేదు. మైకు చూస్తే అన్నం తిన్నంత సేపట్లో పట్టేసింది. ఎవరి పింఛను ఆగినా, ఎవరి పిల్లకి పుట్టిన తేదీ సర్టిఫికెట్ కావాలన్నా "మైకేదమ్మా?" అంటూ వచ్చేవాళ్లు. ఆ పిల్లకీ అది ఇష్టమే. ఆఫీసు కిటికీ ముందు నిలబడి "సార్, సార్" అని పిలవక్కర్లేదు. గుమస్తా కసురుకుంటాడని బెదరక్కర్లేదు. వేలితో రాస్తే చాలు, ఎక్కడో పెద్ద మేడలో ఎవరో చదువుతారు, జవాబిస్తారు. నోరు విప్పకుండా సర్కారుతో మాట్లాడొచ్చని తెలిశాక ఆ పిల్లకి రెక్కలొచ్చినట్టే అయింది.

ఆ యాప్‌లోనే ఫిర్యాదులకీ ఒక చోటుంది. టైలరత్త కొడుకు, ఇంకా మాటలు సరిగా రాని పసివాడు, వాంతులూ విరేచనాలతో ఆసుపత్రిలో పడి లేచాడు. "ఏ నీళ్లు తాగిస్తున్నావమ్మా వీడికి?" అని డాక్టరు అడిగాడట. ఇంకే నీళ్లు, వీధి నీళ్లే. కొన్నాళ్లుగా ఆ నీళ్లకి మురుగుకాలువ వాసన. బిందె పట్టి కాసేపు ఉంచితే అడుగున నల్లగా తేరుతుంది. టైలరత్త పిల్లాణ్ని చంకనేసుకుని వచ్చి, "రాయవే తల్లీ, నీకు పుణ్యముంటుంది" అంది. మైకు రాసింది. బిందె అడుగు ఫొటో తీసి జతచేసింది. పంపించమని నొక్కింది.

నొక్కగానే అదే గదిలో ఇంకో ఫోను టింగుమంది. అది మామయ్య చొక్కా జేబులోది. టీ తాగుతున్న మామయ్య గ్లాసు దించి, ఫోను తీసి చూశాడు. తర్వాత మేనకోడలి వంక చూశాడు.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! నా మీదే వేశావుటే!"

మామయ్య ఆ వీధులకి నీళ్లు వదిలే వాల్వు మనిషి. అది మైకుకి తెలియక కాదు. ఫిర్యాదు సర్కారుకి పోతుందనుకుంది గానీ, నీళ్ల విషయంలో ఆ వీధికి సర్కారంటే మామయ్యేనని తట్టలేదు. పెద్ద మేడ ఎక్కిన మాట అక్కడ కాస్త ఊపిరి కూడా పీల్చుకోకుండా మెట్లు దిగొచ్చి, తమ ఇంట్లోనే టీ తాగుతున్న మనిషి జేబులో పడింది.

అప్పుడందరూ నవ్వుకున్నారు. మామయ్యా నవ్వాడు. "పోన్లే, వెనక్కి తీసేసుకో" అన్నాడు. మైకు వెతికింది. కిందికీ పైకీ జరిపి వెతికింది. వెనక్కి తీసుకునే వీలు ఎక్కడా లేదు.

అది పొరపాటున మరిచిపోయింది కాదు, కావాలనే అలా పెట్టారు. ఇదివరకు ఫిర్యాదు చేసినవాళ్లని బెదిరించో బతిమాలో వెనక్కి తీయించేవాళ్లట. లేకపోతే ఆఫీసువాళ్లే "పని అయిపోయింది" అని రాసి మూసేసేవాళ్లట. కొత్తగా వచ్చిన పెద్దాఫీసరెవరో గట్టివాడు, ఆ దొడ్డిదారులన్నీ మూయించాడు. ఇప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లకే ఫోను వస్తుంది. పని అయిందా అని అడుగుతుంది. అయితే ఒకటి నొక్కాలి, కాకపోతే రెండు. ఒకటి నొక్కితేనే ఫిర్యాదు మూతపడుతుంది. రెండు నొక్కితే పైమెట్టుకి ఎక్కుతుంది, పని చెయ్యాల్సినవాడి పేరు పక్కన ఎర్రచుక్క పడుతుంది.

ఇదంతా చదివి, ఎంత బాగా ఆలోచించారో అనుకుంది మైకు. దొంగ దూరడానికి సందు లేకుండా కట్టిన ఇల్లులా ఉందనుకుంది. ఆ ఇంట్లో తను కూడా ఉన్నానని, తను బయటపడడానికీ సందు లేదని ఆ పూట తోచలేదు.

ఆ ఫోను ఈరోజే వస్తుంది. అందుకే సూపర్‌వైజరు వచ్చాడు. ఆయన బండి వీధి మొదట్లో కనబడగానే, కుడుతున్న జాకెట్టు మిషను మీదే వదిలేసి టైలరత్త వచ్చి గడప మీద కూర్చుంది.

అమ్మ అలవాటు కొద్దీ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. సూపర్‌వైజరు ఆ గ్లాసు చూశాడు. ముట్టుకోలేదు.

"తాగండి సార్. మా వీధి నీళ్లే" అంది టైలరత్త.

"కాచి చల్లార్చినవే సార్" అంది అమ్మ, ముఖం ఎర్రబడి.

"ఇప్పుడు దాహం లేదు చెల్లెమ్మా."

"మావాడికి దాహం వేసింది సార్. వాడు చేసిన తప్పు అదొక్కటే."

"వదినా, నువ్వు కాసేపు ఊరుకో" అన్నాడు మామయ్య నేల చూపులు చూస్తూ.

"ఊరుకోక నేనేమంటున్నాను? మర్యాదకి నీళ్లు తాగమంటున్నాను."

సూపర్‌వైజరు ఆమె మాట వినబడనట్టే మైకు వైపు తిరిగాడు. కోపిష్టి మనిషి కాదు. ఎవరినీ గట్టిగా ఒక మాటనడని ఆఫీసులో పేరు. "బాగా చదువుతావట కదమ్మా. మీ మామయ్య ఎప్పుడూ నీ గురించే చెబుతుంటాడు" అన్నాడు. మైకు కాలి బొటనవేలితో నేల రాస్తూ నిలబడింది.

"చూడమ్మా. కొత్త పైపుకి మేం పైకి రాశాం. వస్తుంది. ఈలోగా నువ్వు రెండు నొక్కావనుకో, ఏమవుతుంది? పైపు రేపే రాదు కదా. ఎర్రచుక్క మాత్రం ఇవాళే పడుతుంది. మీ మామయ్యని పర్మనెంటు చేసే ఫైలు నా బల్ల మీదే ఉంది. నేను సంతకం పెడదామనే చూస్తున్నా. చుక్క పడ్డాక నేను పెట్టినా మిషను ఒప్పుకోదు, తీసి అవతల పారేస్తుంది. నా చేతుల్లో ఏముంది తల్లీ? ఇప్పుడు అంతా మిషనే."

అమ్మ పైట చెంగుతో చేతులు తుడుచుకుంటూ వంటగది గుమ్మంలోకి వచ్చింది. "ఒక్క అంకె కదుటే" అంది. "వాడు ఎన్నేళ్లుగా ఎదురు చూస్తున్నాడో నీకు తెలీదా? ఎండనక వాననక గుంటల్లో దిగి చేస్తున్నాడు. ఒకటి నొక్కెయ్యి. మనవాడికేగా మంచిది."

"మరి నా పిల్లాడో?" అంది టైలరత్త. గొంతు పెంచలేదు. "నేను నొక్కొద్దనను, నొక్కమనీ అనను. నా ఫోనులో ఇవన్నీ రావు కాబట్టి దీని కాళ్లా వేళ్లా పడి రాయించుకున్నా. నాకు ఇంకో మైకు లేదు వదినా."

మామయ్య మాత్రం నోరు మెదపలేదు. నొక్కమ్మా అంటే నొక్కేది. వద్దంటే మానేది. ఆ రెండింట్లో ఏదో ఒకటి ఆయనే అంటే బాగుండునని మైకు ఆయన వంకే చూసింది. ఆయన తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

ఆయన ఎందుకలా చూస్తున్నాడో ఆ గదిలో సూపర్‌వైజరుకే కాదు, అమ్మకీ మైకుకీ తెలుసు. అమ్మకి తెలుసని మామయ్యకి తెలుసు. మైకుకి తెలుసని మాత్రం ఎవరికీ తెలియదు.

పైపు రాలేదన్నది పచ్చి అబద్ధం. వచ్చింది. ఆ వీధికోసమే వచ్చింది. పాత పైపు మురుగుకాలువలోంచి పోయే చోట అతుకుని తుప్పు తినేసింది. మామయ్య సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి చుట్టి నెట్టుకొస్తున్నాడు. కొత్త పైపు వచ్చిన వారంలోనే, సెలవు రోజున సూపర్‌వైజరు మామయ్యని పిలిపించి, దాన్ని బస్టాండు వెనక తన బావమరిది కడుతున్న లాడ్జికి వేయించాడు. మామయ్య ఒకనాడు భోజనానికొచ్చి, కంచం ముందు కూర్చుని అమ్మతో చెప్పుకున్నాడు. "నా చేతుల్తోనే వేశానక్కా. మన వీధి పైపని తెలుసు. తెలిసే వేశా. ఆయన పిలిస్తే పోకుండా ఎలా ఉంటాను?" అన్నాడు. ముద్ద నోటికి పోలేదు. అమ్మ, "ఈ మాట ఈ పొయ్యి దాటకూడదు" అంది. అప్పుడు మైకు ఆ పొయ్యి పక్కనే కూర్చుని గిన్నెలు తోముతోంది. ఎప్పుడూ మాట్లాడనివాళ్లకి చెవులుంటాయని ఎవరికీ గుర్తుండదు.

పారిపోదామంటే ఎటు పోతుంది? లోపలి గదిలోకి పోతే నాన్న లేస్తాడు. వంటగది గుమ్మంలో అమ్మ. వాకిట్లో టైలరత్త. పోనీ నేలలోకి దిగిపోదామంటే గట్టి గచ్చు. ఫోను మోగకుండా ఉంటే బాగుండును, కరెంటు పోతే బాగుండును, సిగ్నలు పోతే బాగుండును అనుకుంటూ ఉండగానే ఫోను మోగింది.

"స్పీకరు పెట్టమ్మా" అన్నాడు సూపర్‌వైజరు.

పెట్టింది. ముందే రికార్డు చేసిన ఆడగొంతు, చక్కగా, తొణక్కుండా పలికింది. "మీరు నమోదు చేసిన మంచినీటి ఫిర్యాదు పరిష్కారమైందా? అయితే ఒకటి నొక్కండి. కాకపోతే రెండు నొక్కండి. మా సిబ్బందితో మాట్లాడడానికి సున్నా నొక్కండి."

మైకు వేలు ఫోను మీద గాల్లో ఆగిపోయింది. ఒకటి నొక్కితే పిల్లాడికి మళ్లీ ఆ నీళ్లే. రెండు నొక్కితే మామయ్య పేరు పక్కన చుక్క.

"ఒకటి" అంది అమ్మ మెల్లగా.

టైలరత్త గడప మీదే ముందుకు వంగింది.

ఆడగొంతు ఏమాత్రం విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచీ చెప్పింది. ఈసారి మైకు చివరి మాట విన్నది. సున్నా. ఇటు కాకుండా, అటు కాకుండా. అటువైపు మనిషుంటే మనిషికి చెప్పొచ్చు. నీళ్లు బాగాలేవు, కానీ మామయ్య తప్పేమీ లేదు అని చెప్పొచ్చు. అంకెకి అంత మాట పట్టదు, మనిషికి పడుతుంది. మామూలప్పుడైతే ముక్కూ మొహం తెలియని మనిషితో మాట్లాడ్డం కంటే నూతిలో దూకడమే నయమనుకునే పిల్ల, కళ్లు గట్టిగా మూసుకుని సున్నా నొక్కింది.

"ఏం నొక్కావ్?" సూపర్‌వైజరు కుర్చీలోంచి సగం లేచాడు. ఫోను మీదికి చెయ్యి చాచాడు.

"ఈ సంభాషణ రికార్డు చేయబడుతోంది" అంది ఫోను.

ఆయన చెయ్యి వేడి పెనం తగిలినట్టు వెనక్కి పోయింది. మైకు అది చూసింది. ఆ చెయ్యి ఇక తన జోలికి రాదని అర్థమైంది.

"నమస్తే మేడమ్, చెప్పండి" అన్నాడు అటువైపు ఎవరో కుర్రాడు. పొద్దుట్నించీ మాట్లాడి మాట్లాడి అలిసిన గొంతు.

మేడమ్ అని ఆ పిల్లని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ పిలవలేదు.

"నీళ్లు బాగాలేవు" అంది. గొంతు కీచుగా వచ్చింది. మళ్లీ చెప్పింది. "పని కాలేదు. కానీ మా మామయ్య తప్పు లేదు."

"మామయ్య అంటే ఎవరు మేడమ్?"

"వాల్వు మనిషి. ఆయన మీద చుక్క పెట్టకండి. ఆయన ట్యూబులు చుట్టి ఆపుతున్నాడు. పైపు లేకపోతే ఆయనేం చేస్తాడు?"

"పైపు ఇంకా రాలేదా మేడమ్?"

సూపర్‌వైజరు తల అడ్డంగా ఊపాడు. అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మైకు ఇద్దరినీ చూసింది. కానీ ఎన్నాళ్లనుంచో కట్టేసి ఉన్నది ఒక్కసారి తెగింది. మాట్లాడ్డం అలవాటున్నవాళ్లకి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. ఆ పిల్లకి మొదలుపెట్టడమే కొత్త.

"వచ్చిందండీ. మా వీధికే వచ్చింది. దాన్ని బస్టాండు వెనక కొత్త లాడ్జికి వేసేశారు. అది సూపర్‌వైజరు గారి బావమరిదిది."

గడప మీద టైలరత్త గుండె మీద చెయ్యేసుకుంది. అటువైపు కుర్రాడి గొంతులో అలసట పోయింది.

"మీరు చూశారా మేడమ్?"

"నేను చూడలేదు."

"మరి ఎలా చెబుతున్నారు? చూసినవాళ్లెవరైనా ఉన్నారా? లేకపోతే నేను రాసుకోలేను."

ఉన్నారు కదా! బళ్లో మాస్టారు అడిగిన ప్రశ్నకి క్లాసంతటిలో తనొక్కదానికే జవాబు తెలిసినప్పుడు లోపల ఎలా పొంగుతుందో అలా పొంగింది మైకుకి. బళ్లో ఎప్పుడూ ఎత్తని చెయ్యి ఇక్కడ ఎత్తేసింది.

"ఉన్నారు. మా మామయ్యే ఉన్నాడు. ఆయనే వేశాడు. తన చేతుల్తోనే వేశాడు. మా వీధి పైపని తెలిసే వేశానని ఆయనే చెప్పాడు."

అటువైపు టకటకా మీటలు నొక్కుతున్న చప్పుడు. "వాల్వు ఆపరేటరే... తెలిసే... వేశారు" అని కుర్రాడు రాసుకుంటూ పైకి చదివాడు.

తన మాట ఇంకొకరి నోట విన్నాక గానీ ఆ పిల్లకి అదెలా ఉందో తెలియలేదు. "అలా కాదండీ" అంది. "అలా రాయకండి. ఆయన వేయలేదు. అంటే, వేయించారు. నేను చెప్పింది అది కాదు."

"ఎక్కిపోయింది మేడమ్. వెనక్కి తీయడానికి మా చేతిలో ఉండదు. విచారణ చేసేవాళ్లకి పంపిస్తున్నాను. చాలా మంచి పని చేశారు" అని ఫోను పెట్టేశాడు.

మాటలు ఆగిపోయేసరికి లోపలి గదిలో నాన్నకి మెలకువ వచ్చినట్టుంది. "నీళ్లొచ్చాయా?" అని నిద్రమత్తులో కేకేశాడు. మళ్లీ గురక మొదలైంది.

సూపర్‌వైజరు లేచి చొక్కా సర్దుకున్నాడు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు.

"లాడ్జికి పైపు వెయ్యమని నీకు నేను కాగితం మీద ఏమైనా రాసిచ్చానా?" అని మామయ్యని అడిగాడు.

"లేదు సార్."

"స్టోరులో పైపు తీసుకున్నప్పుడు సంతకం ఎవరిది?"

"నాదే సార్."

"మరింకేం" అన్నాడు సూపర్‌వైజరు. ఎర్రచుక్క మాట ఎత్తలేదు, ఫైలు మాట ఎత్తలేదు. టైలరత్త లేచి దారి ఇస్తే చెప్పులేసుకుని బండెక్కి వెళ్లిపోయాడు.

బండి చప్పుడు వీధి మలుపు తిరిగిందో లేదో టైలరత్త గడప దాటి లోపలికొచ్చి మైకు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "బంగారు తల్లివే! పెద్దపెద్దవాళ్లు చెప్పలేని మాట చెప్పావే. కుండ బద్దలు కొట్టినట్టు చెప్పావే. ఇక చూడు, పైపు రాక ఏం చేస్తుంది?" అంది. ఆమె కళ్లలో నీళ్లు. ఆ సంతోషం నిజమే, అందుకే ఆ చేతుల్లోంచి మొహం లాక్కోవడం మైకుకి చేత కాలేదు. ఆ వేళ్ల సందుల్లోంచే మామయ్య గోడ వదిలి బయటికి నడవడం చూసింది.

"అసలు నీకు మాటలు రావనుకున్నానే నేను" అంది అమ్మ. తిట్టినట్టు కాదు. అని, వంటగది గుమ్మంలోనే చతికిలబడిపోయింది.

మామయ్య ఉండే గది వీధికి అవతలి పక్క, టైలరత్త ఇంటికి ఎదురుగా ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు. పర్మనెంటయ్యాక చూద్దాంలే అనేవాడు. మైకు వెనకాలే పరిగెత్తింది. వీధి కుళాయి దగ్గర బిందెల వరసలో నిలబడ్డ ఆడవాళ్లు, "ఏమైందే? సూపర్‌వైజరు ఎందుకొచ్చాడే?" అని అడిగారు. మామయ్య తల వంచుకుని వాళ్ల మధ్యనుంచే నడిచాడు. తన గది తాళం తీస్తున్నాడు. ఆ పిల్ల వచ్చి వెనక నిలబడింది.

"మామయ్యా."

ఆయన తలుపు తీసుకుని లోపలికి అడుగు పెట్టి, వెనక్కి తిరిగాడు. కొడతాడేమో అనుకుంది. కొడితే బాగుండుననీ అనుకుంది.

"నీ మీద పడకూడదనే చెప్పాను మామయ్యా. నీ తప్పు లేదని చెబుదామనే..."

"తెలుసే" అన్నాడు. "నువ్వు అబద్ధమేమీ చెప్పలేదు. ఒక్క ముక్క కూడా తప్పు లేదు. ఎవరొచ్చి అడిగినా నేను కాదనడానికి లేదు."

"మరి నన్ను తిట్టు. ఏదో ఒకటి అను."

మామయ్య ఆ పిల్ల మొహంలోకి చూశాడు.

"నీ ముందు నోరు విప్పాలంటే భయమేస్తోందమ్మా" అన్నాడు.

ఆ పిల్ల ఒక అడుగు ముందుకేసింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.